వంగకూడని అత్తయ్య

హైదరాబాద్ కొత్తగూడలో ఏ అపార్ట్‌మెంట్‌లోనైనా ఒక ఫ్లాట్‌లో ఆమె ఉంటుంది. నల్లద్దాలు, నేత చీర, కొంగు ముడిలో చుక్కల మందు. 2018లో ఊరికి ‘కంటి వెలుగు’ వాళ్లొచ్చినప్పుడే శుక్లమన్నారు. పత్తి తీసేది ఉందని ఒక ఏడు, మనవరాలి పెళ్లని ఒక ఏడు జరిపి జరిపి, ఇప్పటికి కొడుకింటికి వచ్చి ఆపరేషన్ చేయించుకుంది.

అంతకుముందు ఆమె బంగారంలాంటి అత్త. శుక్లం ముదిరితే లోకమంతా పసుప్పచ్చగా, మసగ్గా ఉంటుంది కదా, ఆ మసకలో కోడలి ఇల్లు తళతళలాడేది. కొత్త కటకం పెట్టి, మర్నాడు కట్టు విప్పారు. మొదటి చూపు కొడుకు నెత్తి మీద: “ఇంత తెల్లగయిందేందిరా?” రెండోది ఫ్యాను రెక్కల దుమ్ము మీద. కొత్తగూడ ఫ్లైఓవర్ 2023 జనవరి 1నే తెరిచారు గానీ, చుట్టూ కట్టడాలు ఆగితే కదా దుమ్ము ఆగేది! “ఇండ్ల ఎట్ల బతుకుతున్నరు బిడ్డా?”

కనిపించడమైతే కనిపిస్తోంది, వంగడానికే లేదు. కోత మూడు మిల్లీమీటర్ల లోపే, కుట్లుండవు, దానంతటదే అతుక్కోవాలి. తల కిందికి వంచినా, బకెట్ ఎత్తినా కంట్లో ఒత్తిడి పెరుగుతుంది. కొన్నాళ్లు తలస్నానం లేదు, పోపు పొగ దగ్గరికి పోవద్దు, ఉల్లిగడ్డ కోసి కన్ను నులుముకుంటే అంతే సంగతులు. ఆ రోజుల్లో అత్తయ్య వాళ్లమ్మనైతే ఆపరేషనయ్యాక తలకిరువైపులా ఇసుక సంచులు పెట్టి రోజుల తరబడి కదలనివ్వలేదట. లండన్‌లో రిడ్లీ అనే డాక్టరు 1949లోనే కంట్లో కటకం అమర్చినా, మన పల్లెల్లో సోడాబుడ్డి అద్దాలు పోవడానికి దశాబ్దాలు పట్టింది.

ఈమెకు డాక్టరు మాట వేదమే. అయితే వేదానికి భాష్యం ఆమెదే. సోఫా కింద దువ్వెన కనబడితే నడుం నిటారుగా ఉంచి, మెల్లగా గొంతుకూర్చుని తీసింది. కోడలు గుండె పట్టుకుంది.

“అత్తమ్మా, వంగొద్దన్నారు కదా!”

“వంగొద్దన్నడు. కూసోవద్దన్నడా?”

నిజానికి ఆ పద్ధతే సరైనది. బియ్యంలో రాళ్లేరడం, చిక్కుడుకాయల ఈనెలు తీయడం, బట్టలు మడతపెట్టడం కుర్చీలో కూర్చునే కానిస్తుంది. మిగతావన్నీ చూపుడువేలితో చేయిస్తుంది. పనమ్మాయికి ఊపిరాడటం లేదు. చుక్కల వేళకు అలారం మోగితే కొడుకు మీటింగ్ మ్యూట్‌లో పెట్టి పరుగెత్తుకొస్తాడు. ఒక మందుకూ మరో మందుకూ మధ్య ఐదు నిమిషాలు ఆగాలి. ఆ ఐదు నిమిషాలూ ఆమె వంటింటి గట్టు గురించి చెబుతుంది, అతను కదలకుండా వినాలి.

నిన్న రెండో కంటికి తేదీ ఇచ్చారు. కోడలు బాల్కనీలోకి పోయి, గొంతు తగ్గించి, ఇల్లు శుభ్రం చేసే కంపెనీకి ఫోన్ చేసింది: “మూలమూలలా, అండీ. ఎంతైనా ఫరవాలేదు. సరిగ్గా ముందురోజు రండి.”