ఎలుకలకు ఎప్పుడో నయమైపోయింది

ఈ కాలంలో ఆరోగ్యంగా బతకాలంటే ఎలుకగా పుట్టాలి. ఏ ఎలుక పడితే ఆ ఎలుకగా కాదు. బియ్యం డబ్బా వెనక తిరిగే బాపతుకి చివరికి బోనే గతి. పుడితే అమెరికాలో, పేరున్న యూనివర్సిటీ లేబొరేటరీలో, తెల్లగా పుట్టాలి. ఆ జాతికి షుగరు ఎన్నిసార్లు తగ్గిందో లెక్కలేదు. కేన్సర్ గడ్డలు కరిగాయి, పొట్టలు తగ్గాయి, ముసలితనం వెనక్కి మళ్లింది, మతిమరుపు వదిలింది. 2025 ఆగస్టులో హార్వర్డ్ శాస్త్రవేత్తలు మెదడులో లిథియం తగ్గడానికీ అల్జీమర్స్‌కీ లంకె ఉందని ‘నేచర్’ పత్రికలో రాశారు. లిథియం ఓరోటేట్ అనే లవణం ఇస్తే ఎలుకలకు పోయిన జ్ఞాపకశక్తి తిరిగొచ్చిందట. మంచి పరిశోధనే, సందేహం లేదు. మనుషుల మీద ఇంకా పరీక్షించలేదనీ, ఎవరూ సొంత వైద్యం చేసుకోవద్దనీ కూడా వాళ్లే చెప్పారు. ఆ ముక్క మాత్రం సముద్రం దాటలేదు. మనదాకా వచ్చింది ‘మతిమరుపుకు చెక్!’ అన్న హెడ్డింగే.

మన ఆరోగ్య పేజీలకు ఈ చెక్కులంటే మహా ప్రీతి. షుగర్‌కు చెక్, బీపీకి చెక్, మోకాళ్ల నొప్పులకు చెక్. వారానికిన్ని చెక్కులు పుచ్చుకుంటున్నా ఆస్పత్రి బిల్లు మాత్రం నగదుగానే కట్టాల్సి వస్తోంది.

ఇంతకీ దారిలో ఎలుకను మాయం చేసిందెవరు? ‘ఇంకెవరు, పేపరువాళ్లే’ అని అందరం ఒక్క గొంతుతో అనేస్తాం. విలేకరిని తిట్టడానికి ఖర్చేముంది? అయితే కార్డిఫ్ యూనివర్సిటీ వాళ్లకు కాస్త అనుమానం వచ్చి తవ్వి చూశారు. బ్రిటన్‌లోని 20 పెద్ద యూనివర్సిటీలు 2011లో విడుదల చేసిన 462 పత్రికా ప్రకటనలను అసలు పరిశోధనా వ్యాసాలతోనూ, తర్వాత వచ్చిన వార్తలతోనూ పక్కపక్కన పెట్టి చదివారు. 2014లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయిన ఆ లెక్క ప్రకారం, జంతువుల్లో కనిపించినదాన్ని మనుషులకు అంటగట్టే పని మూడో వంతుకు పైగా ప్రకటనల్లోనే జరిగిపోయింది. ప్రకటనలో అతి ఉంటే వార్తల్లో 86 శాతం అదే పాట పాడాయి. ప్రకటన తిన్నగా ఉన్నచోట వార్తల్లో అతి 10 శాతమే. అంటే ఎలుక విలేకరి చేతికి అందకముందే, యూనివర్సిటీ ప్రచార విభాగంలోనే పోయింది. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. వీళ్లను పట్టుకోవడానికి 462 కాగితాలు చదివే ఓపిక సరిపోయింది.

ఎలుకలో పనిచేసింది మనిషిలో ఎందుకు పనిచేయదని అమాయకంగా అడిగేవాళ్ల కోసం పక్షవాతం కథ ఒకటి ఉంది. పక్షవాతం నుంచి మెదడును కాపాడతాయని లేబొరేటరీల్లో పరీక్షించిన చికిత్సలను 2006లో కొందరు పరిశోధకులు లెక్కవేస్తే 1,026 తేలాయి. వాటిలో మనుషుల దాకా వచ్చినవి 114. మనుషుల దగ్గర నిలబడ్డవి వేళ్లమీద లెక్కపెట్టేటన్ని. మిగతావాటి పేరు చెప్పుకుని ఎంతమంది పీహెచ్‌డీలు అందుకున్నారో, ఎన్ని గ్రాంట్లు కరిగిపోయాయో వేరే లెక్క. కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే మన పెద్దలు వెటకారంగా అనేవారు. ఇప్పుడది పరిశోధనా ప్రణాళిక.

సరే, ఎలుకను వదిలేద్దాం. మనుషుల మీదే చేసిన అధ్యయనాల సంగతి చూద్దాం. అక్కడ మాయమయ్యేది వేరొకటి. 2015 అక్టోబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ తాలూకు కేన్సర్ పరిశోధనా సంస్థ, రోజూ 50 గ్రాముల ప్రాసెస్డ్ మాంసం తింటే పెద్దపేగు కేన్సర్ ముప్పు 18 శాతం పెరుగుతుందని చెప్పింది. ఆషాఢం సేల్‌లో యాభై శాతం తగ్గింపు అని బోర్డు పెడితే మన ఇంటి ఆడవాళ్లు ముందు అడిగేది ‘అసలు ధర ఎంత?’ అనే. పేపర్లో 18 శాతం అని చూసిన మేధావి మాత్రం ఆ ప్రశ్న అడగడు. పాశ్చాత్య దేశాల్లో ఈ కేన్సర్ జీవితకాలంలో నూటికి అయిదుగురికి వస్తుందనుకుంటే, 18 శాతం పెరిగితే ఆరుగురికి వస్తుంది. పట్టించుకోవద్దని కాదు, ఆ ఆరో మనిషీ మనిషే. కానీ అయిదును ఆరు చేస్తే హెడ్డింగు కట్టదు. పైగా ప్రాసెస్డ్ మాంసాన్ని పొగాకు సరసన మొదటి గ్రూపులో చేర్చారు. ఆ గ్రూపు చెప్పేది ఆధారం ఎంత గట్టిదన్న సంగతే, ప్రమాదం ఎంత పెద్దదని కాదు. ఆ తేడా చెప్పడానికి ఎవరికీ చోటు చాలలేదు. ఇంతా చేసి అది సాసేజీలకూ బేకన్‌కూ సంబంధించిన గొడవ. మన దగ్గర ఆ వార్త చదివి నాటుకోడి పులుసు మానేసినవాళ్లున్నారు. మధ్యలో కోడి చేసిన పాపమేమిటో.

మా వీధి చివర ఒక రిటైర్డ్ తాసిల్దారుగారున్నారు. ‘తాజా అధ్యయనంలో వెల్లడైంది’ అని ఎక్కడ కనిపించినా కత్తిరించి లాంగ్ నోటుబుక్కులో అంటిస్తారు. సర్వీసంతా ఫైళ్లు నడిపిన చెయ్యి కదా, ప్రతిదానికీ వరస నంబరు, తేదీ, పక్కన ఎర్ర సిరాతో ‘చర్య తీసుకోవలెను’ అని నోటు. కాఫీ గుండెకు మంచిదన్న ముక్క ఉన్న పేజీకి నాలుగు పేజీల అవతల కాఫీతో గుండెకు చేటు అన్న ముక్క ఉంటుంది. గుడ్డు పచ్చసొన అయితే రెండుసార్లు సస్పెండై మూడుసార్లు విధుల్లో చేరింది. పొద్దున్నే ఆయన భార్య వంటింట్లోంచి అడుగుతారు: ‘ఏవండీ, కాఫీ కలపమంటారా?’ లోపలినుంచి జవాబు: ‘ఆగవే, ఇంకా పేపరు రాలేదు.’

ఆయన్ని చూసి నవ్వడానికి లేదు. శాస్త్రం కూడా అలాగే ఉంది మరి. 2013లో ఇద్దరు పరిశోధకులు ఒక అమెరికన్ వంటల పుస్తకం తెరిచి, అందులోంచి 50 దినుసులు ఎలా పడితే అలా ఏరి, వాటికీ కేన్సర్‌కీ ముడిపెట్టిన వ్యాసాలున్నాయేమో వెతికారు. 40 దినుసులకు దొరికాయి. ఉప్పు, ఉల్లిపాయ, గుడ్డు, పాలు, బంగాళాదుంప, టీ, కాఫీ, ఏదీ తప్పించుకోలేదు. ఒక వ్యాసంలో కేన్సర్ తెచ్చేది ఇంకో వ్యాసంలో కేన్సర్ ఆపుతుంది. అన్నీ కలిపి మళ్లీ లెక్కవేసినప్పుడు చాలావాటి ప్రభావం చిక్కిపోయి కనపడీ కనపడనట్టు మిగిలింది. గోంగూర ఆ పుస్తకంలో లేదు కాబట్టి బతికిపోయింది.

ఇలాంటి ఫలితాలు పుట్టించడం ఎంత సులువో 2015లో జాన్ బొహానన్ అనే విలేకరి చేసి చూపించాడు. జర్మనీలో కొంతమందిని పోగుచేసి మూడు గుంపులు చేశాడు. ఒక గుంపు పిండిపదార్థాలు తగ్గించింది. ఇంకో గుంపు అవి తగ్గించడంతోపాటు రోజూ 42 గ్రాముల డార్క్ చాక్లెట్ తిన్నది. మూడో గుంపు మామూలుగా ఉంది. మూడు వారాలయ్యాక లెక్కకు మిగిలినవాళ్లు 15 మంది. మన పెళ్లిభోజనాల్లో ఒక బంతికి కూడా చాలరు. వాళ్లలో బరువు, కొలెస్ట్రాల్, సోడియం, నిద్ర వగైరా 18 అంశాలు కొలిచాడు. కిటుకంతా అక్కడే. ఏ సంబంధమూ లేకపోయినా ఇరవైకి ఒకసారి కాకతాళీయంగా ‘తేడా ఉంది’ అని లెక్క తేలడం గణాంకాల్లో ఒప్పుకున్నదే. అలాంటి అంశాలు 18 కొలిస్తే ఏదో ఒకదాంట్లో తేడా తేలే అవకాశం 60 శాతం దాకా ఉంటుంది. ఆయనకు బరువులో తేలింది. నిద్రలో తేలి ఉంటే చాక్లెట్‌తో సుఖనిద్ర అని ఉండేది. ఒక వెబ్‌సైటు తప్ప ఇంకేమీ లేని సంస్థకు తనను తానే డైరెక్టరుగా వేసుకుని, 600 యూరోలు కట్టి వ్యాసం అచ్చేయించుకున్నాడు. ప్రకటన కూడా తనే రాసి వదిలాడు. జర్మనీలో లక్షల ప్రతులు అమ్ముడుపోయే ‘బిల్డ్’ మొదటి పేజీకెక్కించింది. ఆ తర్వాత దేశదేశాల పత్రికలు అందుకున్నాయి. ఎంతమంది మీద చేశారయ్యా అని అడిగిన పాపాన పోలేదు.

అది తెలిసి చేసిన ఆట. అచ్చయ్యాక వెనక్కి తీసుకున్న వ్యాసాల తీరు ఇంకోలా ఉంటుంది. అల్జీమర్స్‌లో మతిమరుపు తెచ్చేది ఫలానా ప్రోటీనేనని 2006లో మిన్నెసోటా యూనివర్సిటీ నుంచి ‘నేచర్’లో ఒక వ్యాసం వచ్చింది. దాన్ని ఉటంకిస్తూ వచ్చిన వ్యాసాలు రెండువేలు దాటాయి. అందులోని ఫొటోలు దిద్దినట్టున్నాయని 2022లో ‘సైన్స్’ పత్రిక బయటపెట్టింది. వ్యాసం వెనక్కి తీసుకున్నది 2024లో. పద్దెనిమిదేళ్లు! పుట్టిన పిల్లకు ఓటుహక్కు వచ్చేంత కాలం. ఆ ఏడాదే ఫిబ్రవరిలో ఇంకో పత్రిక, వీర్యకణాలను పుట్టించే మూలకణాల మీద వ్యాసానికి కృత్రిమ మేధ గీసిన ఎలుక బొమ్మ వేసింది. ఆ ఎలుక మర్మాంగం ఎలుకను మించిపోయి బొమ్మ దాటి పైకి పోతోంది. పక్కన పేర్లు ఏ భాషకూ చెందనివి. అంత బొమ్మా సమీక్ష దాటి అచ్చయింది. లోకమంతా పడీపడీ నవ్వాక మూడు రోజుల్లో ఉపసంహరించారు. మొదటిదానికి పద్దెనిమిదేళ్లు, రెండోదానికి మూడు రోజులు. అబద్ధమైనా నీటుగా ఆడాలి.

పరాయివాళ్ల భాగోతం చూసి నవ్వుకుని ఊరుకుందామంటే మన గడప కూడా శుభ్రంగా లేదు. హైదరాబాద్ కేంద్రంగా వందల పరిశోధనా పత్రికలు నడిపిన ఒమిక్స్ గ్రూపు మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కేసు వేస్తే, అక్కడి కోర్టు 2019లో 5 కోట్ల డాలర్ల పైచిలుకు కట్టమని తీర్పిచ్చింది. అభియోగాలు ఏమిటంటే, నిపుణుల సమీక్ష ఉందని చెప్పి లేకుండానే అచ్చేయడం, ఒప్పుకోనివాళ్ల పేర్లు సంపాదకవర్గంలో వేయడం, ఫీజు సంగతి ముందు చెప్పకపోవడం. కొనేవాళ్లుంటేనే కదా దుకాణం నడిచేది. మెడికల్ కాలేజీలో ప్రమోషన్ కావాలంటే పేపర్లుండాలి. పీహెచ్‌డీ థీసిస్ ఇవ్వాలంటే ముందే పేపరు అచ్చవ్వాలన్న నిబంధనను యూజీసీ 2022లో గానీ ఎత్తేయలేదు. రోజంతా ఓపీలో రోగులను చూసి, సాయంత్రం పాఠం చెప్పి, రాత్రికి పరిశోధన తెమ్మంటే ఏం తెస్తాడు? డబ్బు కట్టి తెస్తాడు. ఆయన్ని తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. ఆ నిబంధన రాసినవాళ్లను చూస్తేనే వస్తుంది.

నిబంధన ప్రకారం అన్నీ సక్రమంగా జరిగినా అర్థం తలకిందులు కావచ్చని చెప్పడానికి బ్రిటిష్ మెడికల్ జర్నల్ 2018 క్రిస్మస్ సంచికలో అమెరికన్ డాక్టర్లు ఒక పరీక్ష వేశారు. విమానం నుంచి దూకేవాళ్లకు ప్యారాచూట్ వల్ల ప్రాణరక్షణ ఉందా? 23 మంది ఒప్పుకున్నారు. చీటీ వేసినట్టు పంచి సగంమందికి ప్యారాచూట్, సగంమందికి ఖాళీ సంచి తగిలించారు. అందరూ దూకారు. ఎవరూ చావలేదు, ఎవరికీ దెబ్బ తగల్లేదు. కాబట్టి ప్యారాచూట్ వల్ల ప్రయోజనం లేదని తేలింది. పద్ధతి ప్రకారం వంక పెట్టడానికి లేదు. లోపలికి వెళ్లి చదివితే విమానం నేలమీద ఆగి ఉందనీ, దూకిన ఎత్తు రెండడుగులేననీ తెలుస్తుంది. మన వాట్సాప్ గ్రూపులో ఇది పడితే ‘ప్యారాచూట్ కంపెనీల కుట్ర బట్టబయలు’ అని ముందు పంపేది ఏ బాబాయో నేను చెప్పగలను.

మరి నిజంగా తేలినవి లేవా? ఉన్నాయి. వాటికే గ్లామరు లేదు. 1971లో బంగ్లాదేశ్ శరణార్థులతో కిక్కిరిసిన బన్‌గావ్ శిబిరంలో కలరా పట్టుకుంది. సెలైన్ సీసాలు అయిపోతే డాక్టర్ దిలీప్ మహలనబీస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్లు డ్రమ్ముల్లో నింపి పట్టించాడు. అంతకుముందు నూటికి ముప్పైమంది దాకా పోతున్న చోట చావులు నాలుగు శాతం లోపుకు దిగాయి. కిటుకు తూకంలో ఉంది. పేగు గోడ దాటేటప్పుడు గ్లూకోజు ఉప్పును వెంటబెట్టుకుపోతుంది, ఉప్పు వెనక నీరు పోతుంది. అందుకే ఓఆర్‌ఎస్ అని పేరు పడ్డ ఈ నీళ్లకు ప్రపంచ ఆరోగ్య సంస్థ లీటరుకు గ్లూకోజు 13.5 గ్రాములు, ఉప్పు 2.6 గ్రాములని దశాంశాలతో సహా రాసిపెట్టింది. చక్కెర మితిమీరితే కథ అడ్డం తిరుగుతుంది. ఒంట్లో నీరే పేగులోకి వచ్చి విరేచనాలు ఎక్కువవుతాయి.

ఈ ఫలితంలో ఎలుక లేదు, దాచిన శాతం లేదు. యాభై ఏళ్లుగా ఊరూరా నిలబడి ఉంది. దీనికి మనవాళ్లు చేసిన సన్మానమేమిటంటే, పంచదార దండిగా పోసిన పళ్లరసాల డబ్బాల మీద ‘ఓఆర్‌ఎస్’ అన్న మూడక్షరాలు కనబడేలా పేర్లు పెట్టి మందుల షాపుల్లో వరసగా పేర్చారు. కౌంటర్లో అడిగిన తల్లికి చేతికొచ్చింది అదే. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్లతరబడి పోరితే గానీ, ఆ మాట డబ్బాల మీద వాడకూడదని ఆహార భద్రతా సంస్థ 2025 అక్టోబరులో గట్టిగా చెప్పలేదు. ఆ వెంటనే కంపెనీలు ఢిల్లీ హైకోర్టుకు పరిగెత్తాయి, ఉన్న సరుకు అమ్ముకోనివ్వమని. తాగే పిల్లలుండగా పారబోయడం దేనికని కాబోలు.