పెద్ద చర్చి పక్కింటి ఆత్మకథ

నాది స్ట్రాస్‌బూర్గ్. ఫ్రాన్స్ తూర్పు కొసన, రైన్ నది దగ్గర ఉన్న నగరం. అక్కడి నోత్రదామ్ కేథడ్రల్ ముందు మైదానంలో, ఒక మూలన, నల్లబడిన చెక్కడాలతో, వరసలు వరసలుగా కిటికీలతో కనిపించే ఇల్లు నేనే. కామెర్‌జెల్ ఇల్లు అంటారు. నన్ను మొదట కట్టింది 1427లో. అప్పటికి చర్చి శిఖరం పూర్తి కాలేదు. అది 1439లో పూర్తయింది, ఎత్తు 142 మీటర్లు. 1647 నుంచి 1874 దాకా ప్రపంచంలో అంతకన్నా ఎత్తైన కట్టడమే లేదు. అలాంటిదాని పక్కన నేను ఒక వర్తకుడి ఇల్లుగా పుట్టాను. కింద కొట్టు, పైన కాపురం, అటకల్లో సరుకు.

నా కింది అంతస్తు రాయి, 1467 నాటిది. పైనున్న మూడు అంతస్తులూ, వాటి మీద నిటారైన కప్పులో ఒకదానిపై ఒకటిగా ఉన్న అటకలూ ఓక్ కలప. కలపకు నిప్పు ఒక శత్రువు, కానీ రోజూ పొంచి ఉండే శత్రువు మాత్రం చెమ్మ. పూర్తిగా పొడిగా ఉన్న కలప వందల ఏళ్ళు నిలుస్తుంది. నీళ్ళలో పూర్తిగా మునిగి, గాలి తగలని కలప కూడా నిలుస్తుంది. తడుస్తూ, ఆరుతూ, మళ్ళీ తడిసేదే పుచ్చిపోతుంది. నేల చెమ్మ పైకి ఎక్కకుండా నా కింద రాయి పెట్టారు. పై అంతస్తుల్ని ఒకదాన్ని మించి ఒకటి వీధిలోకి ముందుకు జరిపారు. దానివల్ల లోపల గదులు పెరిగాయి, వాన నీరూ కింది గోడల మీద పడకుండా దూరంగా జారిపోతుంది.

మా అల్సాస్ ప్రాంతపు వడ్రంగులు ఇలాంటి ఇంటిని ముందు పనిచోటే నేల మీద పరిచి కూర్చేవారు. కుసిని బెజ్జంలో దించి కర్రమేకులు కొట్టి, ప్రతి కొయ్యకూ గుర్తు గీసి, మళ్ళీ విప్పి, స్థలానికి తెచ్చి నిలబెట్టేవారు. ఓక్‌ను పచ్చిగా ఉండగానే కోసి వాడేవారు. ఆరేకొద్దీ కలప ముడుచుకుని అతుకులు మరింత బిగుస్తాయి. ఇలా కట్టిన ఇంటిని విప్పి, బళ్ళకెత్తి ఇంకోచోట నిలపవచ్చు. అందుకే ఇక్కడ ఒకప్పుడు కలప ఇల్లు చరాస్తి కింద లెక్క.

మామూలుగా ఆ కొయ్యల మధ్య ఖాళీలలో తడికలు అల్లి, గడ్డి కలిపిన బంకమట్టి మెత్తుతారు. నా ముఖంలో మట్టికి చోటు దాదాపు లేదు. దానికి కారణం మార్టిన్ బ్రౌన్ అనే చీజ్ వర్తకుడు. ఆయన 1571లో నన్ను కొన్నాడు. రాతి అంతస్తు అలాగే ఉంచి, పైభాగమంతా కొత్తగా కట్టించాడు. 1589లో పూర్తయిన ఆ రూపమే ఇప్పటి నా రూపం. కిటికీలు 75. వాటిలో గుండ్రటి చిన్న గాజుబిళ్ళలను సీసపు పట్టీలతో పొదిగారు. మధ్యలో మిగిలిన ప్రతి కొయ్య మీదా బొమ్మలే: బైబిల్ వ్యక్తులు, వాళ్ళ పక్కనే గ్రీకు రోమన్ వీరులు, పంచేంద్రియాలు, మనిషి వయసులు, రాశులు, వాద్యాలు వాయించేవాళ్ళు. విశ్వాసం, ఆశ, దయ అనే మూడు గుణాలకూ రూపాలున్నాయి.

చీజ్ అమ్మే మనిషికి ఇంత చెక్కడం దేనికని అడగవచ్చు. ఎదురుగా వందల రాతి విగ్రహాలతో చర్చి నిలిచి ఉంది. దానికి దీటుగా తన వృత్తికీ తన కలపకూ ఒక గౌరవం కావాలని బ్రౌన్ అనుకున్నాడని నా నమ్మకం. చట్రం పాత పద్ధతిదే, అలంకారం మాత్రం రినైసెన్స్‌ది. ఆ రెండూ నాలో కలిసినంత చక్కగా కలిసిన ఇళ్ళు తక్కువ. ఈ మాట నేను గర్వంగానే చెబుతున్నాను.

రాజ్యాలు చాలా మారాయి. స్వతంత్ర నగరంగా ఉన్న ఊరు 1681లో ఫ్రాన్స్ రాజు 14వ లూయీ చేతికి వచ్చింది. 1871లో జర్మనీది, 1918లో మళ్ళీ ఫ్రాన్స్‌ది, 1940లో జర్మనీది, 1944 నవంబర్‌లో మళ్ళీ ఫ్రాన్స్‌ది అయింది. వీటన్నిటిలో నాకు అత్యంత భయంకరమైనది 1870 ఆగస్టు. జర్మన్ సేనలు ఊరిని ముట్టడించి ఫిరంగులు పేల్చాయి. 24వ తేదీ రాత్రి దగ్గర్లోని గ్రంథాలయం కాలిపోయింది. 12వ శతాబ్దంలో హెరాద్ అనే మఠాధ్యక్షురాలు కూర్చిన బొమ్మల గ్రంథం హోర్టుస్ డెలిసియారుమ్ అందులోనే బూడిదైంది. మర్నాటి రాత్రి చర్చి కప్పు అంటుకుంది. రాతి గోడల మీద ఆ కప్పును మోసిందీ కలపే. నిలువెల్లా కొయ్యనైన నేను మిగిలాను.

నా పేరు 19వ శతాబ్దంలో నన్ను ఏలిన ఫిలిప్ ఫ్రాంస్వా కామెర్‌జెల్ అనే కిరాణా వ్యాపారిది. 1879లో నన్ను ఎవర్ నోత్రదామ్ కొన్నది. మధ్యయుగాల నుంచి చర్చి కట్టుబడినీ మరమ్మతులనూ చూస్తున్న సంస్థ అది. ఇల్లు ఎంత గట్టిగా కట్టినా, చూసుకునే చేతులు లేకపోతే ఒక్క కారే పెంకు చాలు, దూలం కొస పుచ్చడానికి. పుచ్చిన కొస వరకే కోసి కొత్త ఓక్ అతకడం తెలిసిన మనుషులు నాకు దొరికారు.

ఆ సంస్థ పెద్ద మేస్త్రీ యోహాన్ క్నౌట్ 20వ శతాబ్దం మొదట్లో చర్చి శిఖరాన్ని మోసే స్తంభంలో పగుళ్ళు గమనించాడు. తవ్వి చూస్తే, పునాదుల కింద మధ్యయుగాల నాటి కొయ్య గుంజలు పుచ్చి ఉన్నాయి. రైన్ నదిని తిన్నగా మళ్ళించాక భూగర్భ జలమట్టం దిగిపోయింది. శతాబ్దాలుగా నీటిలో మునిగి క్షేమంగా ఉన్న గుంజలకు గాలి తగిలింది. కాంక్రీటుతో బరువు మళ్ళించే పని 1926లో గాని ముగియలేదు. జర్మన్ పౌరుడైన క్నౌట్ అప్పటికే ఊరు వదిలి వెళ్ళాల్సి వచ్చింది. అంత పని చేసిన మనిషి ముగింపు చూడలేకపోవడం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

20వ శతాబ్దం మొదట్లోనే లేయో ష్నూగ్ అనే స్థానిక చిత్రకారుడు నా లోపలి గోడల నిండా బొమ్మలు వేశాడు. 1929లో నాకు చారిత్రక కట్టడంగా రక్షణ వచ్చింది. 1988లో నేనున్న పాత నగరమంతా యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. ఇప్పుడు నాలో భోజనశాల, కొన్ని బస గదులు ఉన్నాయి. పులియబెట్టిన క్యాబేజీ మీద చేప ముక్కలు పేర్చి వడ్డించే షుక్రూట్ కోసం చాలా దూరం నుంచి వస్తారు. వచ్చేవాళ్ళు తినేముందు నా చెక్కడాలను దగ్గరగా చూడాలని నా కోరిక. వాద్యకారులు ఏ వాద్యం వాయిస్తున్నారో కూడా అక్కడ కనిపిస్తుంది.