ఏదైనా పట్టే సంచి

టైపు చెప్పకుండా రాసిన జావా అర్రేలిస్ట్ ఒక గోనెసంచి. ఏది వేసినా పడుతుంది. 2004లో జావా 5 జెనరిక్స్‌ను తెచ్చేదాకా వేరే దారి లేదు. వేసినదంతా ఆబ్జెక్ట్ కిందే జమ అయ్యేది. తీసేటప్పుడు అది స్ట్రింగో ఇంటీజరో ప్రోగ్రామరే గుర్తుపెట్టుకుని కాస్ట్ చేసుకోవాలి. జెనరిక్స్‌తో సంచికి చీటీ కట్టే వీలు దొరికింది. ఇరవై ఏళ్లు దాటినా చీటీ కట్టనివాళ్లున్నారు, అదీ గర్వంగా. జెనరిక్స్ అంటే అమీర్‌పేటలో ఇంటర్వ్యూ కోసం బట్టీపట్టే పాఠమని, ఉద్యోగంలో దానితో పనిలేదని వాళ్ల సిద్ధాంతం.

ఈ సిద్ధాంతాన్ని తాండూరు మార్కెట్ యార్డులో అమలు చేస్తే సరి. దోమ నుంచి కందులు వచ్చాయనుకుందాం. సంచికి చీటీ లేదు. "లోపల కందులే, నాకు తెలుసు" అన్న భరోసా ఉంది. తాండూరులో నాపరాయికి కొదవలేదు. నాలుగు ముక్కలు సంచిలో పడినా సంచి నోరెత్తదు, కాంటా మీద నాలుగు కిలోలు ఎక్కువే తూగుతుంది. రాయి సంగతి బయటపడేది దాల్ మిల్లు పళ్లు విరిగినప్పుడు. జావాలో ఆ చప్పుడు పేరు క్లాస్‌కాస్ట్ ఎక్సెప్షన్. రాయి వేసిన లైను ఒకచోట, మిల్లు ఆగిన లైను ఇంకోచోట, వెతుకులాట అర్ధరాత్రి.

కంపైలర్ ముందే గొణుగుతుంది, పాపం. దానికీ మందుంది: పైన సప్రెస్‌వార్నింగ్స్ అని ఒక్క ముక్క రాస్తే చాలు. దొంగ వచ్చాడని మొరిగిన కుక్కకు మూతి కట్టినట్టు.

కాస్త చదువుకున్న వాదం ఇంకొకటుంది. ప్రోగ్రామ్ నడిచే సమయానికే జావా చీటీ మీది టైపులను చెరిపేస్తుంది, స్ట్రింగుల లిస్టూ ఇంటీజర్ల లిస్టూ ఒకే క్లాసుగా మిగులుతాయి, కాబట్టి చీటీ అంతా నాటకమట. చెరిపే మాట నిజమే. అప్పటికే రాసిపెట్టిన కోడ్ ఆగకుండా నడవాలని అలా చేశారు. 2005లో సీ షార్ప్ 2.0 చెరపని దారి పట్టింది. అయితే జావా చీటీ చించేది కంపైలర్ అనే గేటు దగ్గర సంచి విప్పి చూశాకే. లోపల మళ్లీ చూడటం లేదు కనుక గేటే అక్కర్లేదనడం గొప్ప తర్కం. పుచ్చు కందులను, అంటే నల్‌ను, ఈ గేటు పట్టుకోలేదు. ఆ లోపం మాత్రం ఒప్పుకోవాలి.

గో భాష వాళ్లు పదేళ్లకు పైగా జెనరిక్స్ లేకుండానే నెట్టుకొచ్చారు. తాండూరు కందికి భౌగోళిక గుర్తింపు చీటీ దక్కిన 2022లోనే, మార్చిలో, గో 1.18కీ జెనరిక్స్ దక్కాయి. అదే విడుదలలో ఏదైనా పట్టే ఖాళీ ఇంటర్‌ఫేస్‌కు 'ఎనీ' అని పొట్టి పేరు కూడా పెట్టారు. సంచి వదలలేనివాళ్లకు టైపు చేసే శ్రమ తగ్గింది.