కొండదారిలో వినకూడని సలహాలు

"తేనెటీగలు వెంటపడితే నీళ్ళలో దూకెయ్" అని తలకోన జలపాతానికి వెళ్ళే కుర్రాళ్ళకు ఎవరో ఒకరు చెబుతూనే ఉంటారు. ఆ మాట వినొద్దు. శేషాచలం కొండచరియలకూ పెద్ద చెట్ల కొమ్మలకూ పెద్ద తేనెటీగలు పట్లు పెడతాయి. పొగ పెట్టినా, రాయి విసిరినా రేగుతాయి. ఒక ఈగ కుట్టినచోట వదిలే వాసన మిగతా ఈగల్ని అక్కడికే రప్పిస్తుంది. నీళ్ళలో మునిగినవాడు ఊపిరి కోసం తల ఎత్తక తప్పదు, పైన తిరుగుతున్న ఈగలు అప్పుడు ముఖాన్నే కుడతాయి. ఒళ్ళంతా కుట్టి స్పృహ తప్పితే మడుగులోనే ప్రాణం పోతుంది. తువ్వాలో చొక్కానో తలమీదికి లాక్కొని, ముక్కూ నోరూ కప్పుకొని, చేతులు విసరకుండా ఒకే దిక్కుకు పరుగెత్తాలి. జీపులోకో గదిలోకో దూరి తలుపు వేసుకునేదాకా ఆగొద్దు.

తర్వాత ముల్లు తీయాలి. పట్టకారుతో తీయకూడదు, కత్తి అంచుతోనే గీకాలి అంటూ వాదించుకునేవాళ్ళున్నారు. ఆ వాదన సాగుతున్నంతసేపూ ముల్లుకు అంటుకున్న తిత్తి నుంచి విషం లోపలికి దిగుతూనే ఉంటుంది. గోటితో లాగినా సరే, వెంటనే తీసెయ్యాలి.

"రోంత సున్నం పుయ్యి నాయనా, తగ్గిపోతాది" అంటారు మన పెద్దవాళ్ళు. కుట్టినచోట మాత్రమే వాచి మండుతుంటే సున్నం పూసినా పూయకపోయినా అది తగ్గేదే. అలా తగ్గినప్పుడల్లా పేరు సున్నానికి వచ్చింది. భయపడాల్సింది కుట్టినచోటు గురించి కాదు, దానికి దూరంగా కనిపించే మార్పుల గురించి. చేతికి కుడితే ఒళ్ళంతా దద్దుర్లు లేచాయా? పెదవులు, నాలుక వాచాయా? గొంతు బొంగురుపోయిందా, ఊపిరిలో పిల్లికూతలు వినిపిస్తున్నాయా? వాంతులు, కళ్ళు తిరగడం మొదలయ్యాయా? దద్దుర్లు లేకుండానే నేరుగా కుప్పకూలేవాళ్ళూ ఉంటారు. ఈ తీవ్రమైన అలర్జీని వైద్యులు అనాఫిలాక్సిస్ అంటారు. ఇది నిమిషాల్లో ప్రాణం తీయగలదు.

"పోయినసారి కుట్టినప్పుడు ఏమీ కాలేదు గదా" అనే ధైర్యం దీని దగ్గర పనికిరాదు. ఫ్రాన్సులో షార్ల్ రిషే, పాల్ పోర్టియే 1902లో బయటపెట్టింది సరిగ్గా ఈ సంగతినే. సముద్రజీవి విషాన్ని ఒకసారి తట్టుకున్న కుక్క, కొన్ని వారాల తర్వాత అంతే మోతాదు మళ్ళీ ఎక్కిస్తే కాసేపట్లోనే చచ్చిపోయింది. మొదటి మోతాదుతో ఒంటికి రక్షణ రావాల్సింది పోయి, ఆ విషమంటే విపరీతంగా చెలరేగే గుణం వచ్చింది. ఈ పరిశోధనకు 1913లో రిషేకు నోబెల్ బహుమతి ఇచ్చారు.

ఇక మాత్రల సలహా. చదువుకున్నవాళ్ళు ఎక్కువగా చేసే పొరపాటు ఇదే. సంచిలో అవిల్, సెట్రిజిన్ ఉన్నాయి కాబట్టి భయం లేదనుకుంటారు. అవి దురదనూ దద్దుర్లనూ తగ్గిస్తాయి. మూసుకుపోతున్న గొంతును తెరవలేవు, పడిపోతున్న రక్తపోటును నిలబెట్టలేవు. స్టెరాయిడ్ పనిచేయడానికి గంటలు పడుతుంది. అనాఫిలాక్సిస్‌కు మొదటి మందు ఒక్కటే, అడ్రినలిన్. తొడ మధ్యలో, బయటివైపు కండలోకి ఇవ్వాలి. పెద్దవాళ్ళకు అర మిల్లీగ్రాము, పిల్లలకు బరువును బట్టి. తగ్గకపోతే 5 నుంచి 15 నిమిషాల మధ్య మళ్ళీ ఇస్తారు. విదేశాల్లో అలర్జీ ఉన్నవాళ్ళు జేబులో పెట్టుకు తిరిగే అడ్రినలిన్ పెన్నులు మన మందుల షాపుల్లో సులువుగా దొరకవు. కానీ మందు బుడ్డీ ఖరీదైనదేమీ కాదు. ఒకసారి ఈ గండం తప్పించుకున్నవాళ్ళు తమ డాక్టరును అడిగి, మందు రాయించుకొని, ఎంత తీయాలో ఎక్కడ గుచ్చాలో తామూ తమ ఇంట్లోవాళ్ళూ చేత్తో చేసి నేర్చుకున్నాకే అడవి దారి పట్టాలి.

"లేపి కూర్చోబెట్టండి, నాలుగడుగులు నడిపించండి, సోడా తాగించండి." ఈ మూడూ చేయకూడనివే. రక్తపోటు పడిపోయిన మనిషిని ఉన్నట్టుండి నిలబెడితే గుండెకు చేరాల్సిన రక్తం చేరదు, అక్కడే గుండె ఆగిపోవచ్చు. వెల్లకిలా పడుకోబెట్టి కాళ్ళు ఎత్తి ఉంచండి. ఆయాసం ఎక్కువగా ఉంటే కాళ్ళు చాపి ఆనుకొని కూర్చోనివ్వండి. వాంతి వస్తుంటే పక్కకు తిప్పండి. 108కి ఒకరు ఫోన్ చేయండి, సిగ్నల్ లేకపోతే అందేచోటికి ఇంకొకరు పరుగెత్తండి. మనిషి తేరుకున్నాడని ఇంటికి తీసుకెళ్ళొద్దు. కొందరికి కొన్ని గంటల తర్వాత ఇదంతా మళ్ళీ మొదలవుతుంది.

పాముకాటు దగ్గరికొస్తే తప్పుడు సలహాలకు అంతే లేదు. తాడు బిగించి కట్టు, బ్లేడుతో కొయ్యి, నోటితో పీల్చు, పసరు తాగించు, మిరపకాయ నమిలించి కారం తెలుస్తుందో లేదో చూడు, మంత్రం వేసేవాడి దగ్గరికి పద. ఇన్ని తరాలుగా ఇవి బతికున్నాయంటే కారణం ఉంది. జెర్రిపోతు, నీటిపాము, పసరికపాము కరిచినా మనిషి చావడు. నాగుపాము కూడా ఒక్కోసారి విషం వదలకుండానే కాటేస్తుంది. అలా బతికినవాళ్ళంతా మంత్రం గొప్పదని ఊరూరా చెబుతారు. మంత్రం వేయించుకునీ చనిపోయినవాడు వచ్చి చెప్పలేడు గదా. మన దేశంలో 2000 నుంచి 2019 దాకా పాముకాటుకు దాదాపు 12 లక్షల మంది చనిపోయారని పరిశోధకులు లెక్కగట్టారు. ఎక్కువ మరణాలు జరిగే రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి.

రక్తపింజర కాటుకు తాడు బిగిస్తే ఆ విషం అక్కడే నిలిచి కండను కుళ్ళబెడుతుంది, కాలు తీసెయ్యాల్సి రావచ్చు. దాని విషానికి రక్తం గడ్డకట్టే గుణం పోతుంది కాబట్టి బ్లేడు గాటు నుంచి నెత్తురు ఆగదు. కట్లపాముది ఇంకో రకం మోసం. రాత్రి నేలమీద పడుకున్నవాణ్ణి కరుస్తుంది, నొప్పి ఉండదు, గాటు కనపడదు. తెల్లవారుజామున కడుపునొప్పి అంటాడు, ఆ తర్వాత రెప్పలు వాలిపోతాయి. అజీర్తి అనుకొని వాము నీళ్ళు తాగించి పడుకోబెడితే ఊపిరి ఆగిపోతుంది. పాముని చంపి ఆసుపత్రికి తేవాలన్నదీ తప్పే. దాని వెంటపడితే రెండో మనిషికీ కాటు తప్పకపోవచ్చు. పాముతో పనిలేకుండానే, శుభ్రమైన గాజు గొట్టంలో కాస్త రక్తం తీసి 20 నిమిషాలు కదపకుండా ఉంచితే, గడ్డకట్టిందా లేదా అన్నదాన్ని బట్టి పింజర విషమో కాదో డాక్టరుకు తెలుస్తుంది. ఎలాగూ ఇక్కడ ఇచ్చే మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర నాలుగింటికీ ఒకటే.

ఆ మందును సంచిలో వేసుకెళ్దామని కొండలెక్కే బృందాలు అనుకోవడం విన్నాను. దయచేసి ఆ ఆలోచన మానుకోండి. అది గుర్రాల రక్తం నుంచి తీసిన మందు. దానివల్లే అనాఫిలాక్సిస్ రావచ్చు, అందుకే ఆసుపత్రిలో అడ్రినలిన్ సిరంజిలోకి ఎక్కించి పెట్టుకొని మరీ మొదలుపెడతారు. మొదటి విడతకే ఎనిమిది నుంచి పది సీసాలు కావాలి.

పాము కరిచినప్పుడు మీరు చేయాల్సింది చాలా కొద్ది. ఉంగరాలు, కడియాలు, మెట్టెలు వాపు రాకముందే తీసెయ్యండి. కరిచిన కాలో చెయ్యో కదలకుండా కర్ర ఆనించి, రక్తం ఆడేంత వదులుగా గుడ్డతో చుట్టండి. 2023లో తిరుమలకు నడిచివెళ్ళే అలిపిరి దారిలో చిరుతపులి ఒక చిన్నపాపను చంపాక టీటీడీ భక్తుల చేతికి కర్రలిచ్చింది. అలాంటి కర్ర దీనికి బాగా పనికొస్తుంది. మనిషిని నడిపించకండి, మోసుకు రండి. దారికి చేరాక అంబులెన్సు ఆలస్యమైతే మోటారుసైకిల్‌ మీద మధ్యలో కూర్చోబెట్టి, వెనక ఒకరు పట్టుకొని, భాకరాపేట వైపైనా చంద్రగిరి వైపైనా దగ్గరి ప్రభుత్వాసుపత్రికి చేర్చండి. అక్కణ్ణించి తిరుపతి రుయా ఆసుపత్రికో స్విమ్స్‌కో పంపాలా అన్నది డాక్టరు చెబుతాడు.

తిరుమల మెట్లదారిలో కోతి కరిచినా గీరినా కారం, పసుపు అద్దొద్దు. పావుగంట సేపు సబ్బుతో, పారే నీటితో కడిగి టీకాకు వెళ్ళండి.

మోకాళ్ళ మెట్టు దగ్గర ఛాతీ పట్టుకొని చెమటలు కక్కుతున్నవాళ్ళకు "గ్యాసులే, సోడా తాగు, గోవిందా అనుకుంటూ నాలుగు మెట్లెక్కు" అని చెప్పేవాళ్ళు భక్తితోనే చెబుతారు. ఆ నాలుగు మెట్లే గుండె మీద పడతాయి. అక్కడే కూర్చోబెట్టండి. అలిపిరి దారిలో 1500వ మెట్టు దగ్గర, గాలిగోపురం దగ్గర, భాష్యకార్ల సన్నిధి దగ్గర వైద్యసాయం ఉంటుందని టీటీడీయే ప్రకటించింది. ఏ గోపురం దాటి ఎంత దూరం వచ్చారో చెప్పి మనిషిని పంపండి, కొండమీద అశ్వినీ ఆసుపత్రి రాత్రీ పగలూ తెరిచే ఉంటుంది. బీపీ, గుండె మాత్రలు వాడేవాళ్ళు ఆ మందుల చీటీని చొక్కా జేబులో పెట్టుకొని మెట్టెక్కాలి. అనాఫిలాక్సిస్ వచ్చినప్పుడు, కొన్ని బీపీ మాత్రలు వాడేవాళ్ళకు అడ్రినలిన్ సరిగా పనిచేయకపోవచ్చు. ఆ సంగతి డాక్టరుకు ముందే తెలిస్తే వేరే మందు సిద్ధం చేసుకుంటాడు.