పదిహేను నిమిషాల పద్దు: భిలాయి మీటరు ఆత్మకథ

ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయి పట్టణం అణు విద్యుత్తులో వాటా కొనాలా అన్న ప్రశ్నకు సగం జవాబు ఊరి వాడకంలోనే ఉంది. ఆ వాడకాన్ని రాత్రింబవళ్లు రాసిపెట్టేది, ఉక్కు కర్మాగారానికి కరెంటు దిగే సబ్‌స్టేషన్‌లో, కంట్రోల్ రూం ప్యానెలుకు బిగించిన ఒక ఎనర్జీ మీటరు. ఇది దాని ఆత్మకథ. మీటరు రాతలో అంకె తప్ప కర్త ఉండడు గనక ఇందులో ‘నేను’ కనబడదు, ‘ఈ మీటరు’ అనే ఉంటుంది.

220 కిలోవోల్టుల లైనును ఈ మీటరు ఎన్నడూ నేరుగా తాకలేదు. యార్డులోని పొటెన్షియల్ ట్రాన్స్‌ఫార్మర్ (పీటీ) ఆ వోల్టేజీని 110 వోల్టులకు దించుతుంది. కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్ (సీటీ) 800 ఆంపియర్లను ఒక్క ఆంపియరు చేస్తుంది. కంట్రోల్ కేబుల్ వెంట వచ్చే ఆ పిసరంత కరెంటునే ఈ మీటరు కొలుస్తుంది. 2,000ను 800తో హెచ్చవేస్తే 16 లక్షలు. ఇక్కడ ఒక్క యూనిట్ తిరిగిందంటే లైనులో 16 లక్షల యూనిట్లు పోయినట్టు. అందుకే దీన్ని నూటికి 0.2కు మించి తప్పు చూపని తరగతిలో తయారు చేశారు.

ఈ తరం మీటర్లు పుట్టడానికి కారణం ఏబీటీ అనే లెక్కల పద్ధతి. దేశంలో అది మొదట అమలైంది భిలాయి ఉన్న పశ్చిమ గ్రిడ్‌లో, 2002 జూలై 1న. అంతకుముందు నెలకొక రీడింగు తీస్తే సరిపోయేది. ఏ వేళ ఎవరు ఎక్కువ లాగేసుకున్నారో తేలేది కాదు. ఏబీటీ రోజును 96 ముక్కలు చేసింది. ఒక్కో ముక్క పదిహేను నిమిషాలు. ఎంత తీసుకుంటామని ముందు చెప్పారో, నిజంగా ఎంత తీసుకున్నారో, ఆ తేడాకు డబ్బు కట్టాలి. మరుసటి ఏడాది రాయ్‌పూర్–రవుర్కెలా లైను పశ్చిమ గ్రిడ్‌ను తూర్పు గ్రిడ్‌తో కలిపింది. 2013 డిసెంబరు 31న దక్షిణం కూడా చేరడంతో దేశమంతా ఒకే గ్రిడ్ అయింది.

వారానికోసారి చేతిలో పట్టే చిన్న యంత్రంతో ఒక టెక్నీషియన్ వస్తాడు. ముందు సీలు తీగను వేలితో లాగి చూస్తాడు, తర్వాత మీటరు ముఖం మీది ఆప్టికల్ పోర్టుకు ప్రోబు ఆనిస్తాడు. వారం పద్దు అందులోకి దిగుతుంది. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలు భిలాయిలో చాలా ఉన్నాయి కాబట్టి మీటరు ముందు ఆ యాస వినబడడం వింత కాదు. “ఏటి మావా, మన కొవ్వాడలో అణు కరెంటు తయారయ్యుంటే ఇందులో తిరిగీదేనా?” అని వెంట వచ్చిన కుర్రవాడు అడిగితే, “ఏది తిరిగినా దీనికేటి తెలుస్తాదిరా అల్లుడూ, అంకె తప్ప” అంటాడు టెక్నీషియన్ పెద్దాయన. ఆయన మాట అక్షరాలా నిజం. బొగ్గు నుంచి వచ్చినా యురేనియం నుంచి వచ్చినా తీగలో ప్రవహించేది ఒకటే. ఎవరి కరెంటు ఎంతన్నది తీగ మీద తేలదు, ఒప్పంద కాగితాల మీద తేలుతుంది.

భిలాయికి కరెంటు కొత్త కాదు. ఉక్కు కర్మాగారానికి సోవియట్ యూనియన్‌తో ఒప్పందం 1955 ఫిబ్రవరి 2న కుదిరింది. మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. ఊళ్లో ఒక రైల్వేస్టేషన్ పేరే పవర్ హౌస్. ఉక్కు కర్మాగారమంటే కరెంటు తినేది మాత్రమే కాదు, తయారు చేసేది కూడా. బ్లాస్ట్ ఫర్నేస్, కోక్ ఓవెన్ల నుంచి వచ్చే గ్యాసును ఎలాగూ తగలెయ్యాలి కాబట్టి దాన్ని బాయిలర్లలో మండించి ఆవిరి, కరెంటు తీస్తారు. మిగతా అవసరానికి ఎన్టీపీసీ, కర్మాగారం యజమాని సెయిల్ సమాన భాగస్వాములుగా నడిపే ఎన్‌ఎస్‌పీసీఎల్ ఉంది. ఆ సంస్థ 250 మెగావాట్ల బొగ్గు యూనిట్లు రెండింటిని 2009లో ఇక్కడ నడపడం మొదలుపెట్టింది. వాటి ఉత్పత్తిలో కొంత ఛత్తీస్‌గఢ్‌కూ, దూరాన దాద్రా నగర్ హవేలీ, డామన్ డయ్యూలకూ పోతుంది.

ఈ మీటరు 96 గడుల్లో కనబడే భిలాయి రెండు రకాలు. కర్మాగారం నిద్రపోదు, ఆరు గంటలకు, రెండు గంటలకు, పది గంటలకు షిఫ్టు మారినా అంకె పెద్దగా కదలదు. ఎర్రటి ఉక్కు దిమ్మ రోల్సు మధ్యకు దూరే క్షణంలో భారం ఒక్కసారి ఎగసిపడుతుంది గానీ, అది సెకన్లలో జరిగే పని. పదిహేను నిమిషాల సగటులో ఆ పోటు మునిగిపోతుంది. టౌన్‌షిప్ సెక్టార్ల క్వార్టర్లు మరో రకం. మే నెల మధ్యాహ్నం కూలర్లన్నీ తిరుగుతాయి, సాయంత్రం దీపాలతో మరో మెట్టు ఎక్కుతుంది, తెల్లవారుజామున దిగిపోతుంది. ఎప్పుడూ తగ్గని అడుగు భారం కర్మాగారానిది, ఎక్కి దిగే పైభారం టౌన్‌షిప్‌ది.

అణు కేంద్రం సరిపోయేది అడుగు భారానికే. కైగా మొదటి యూనిట్ 2018 డిసెంబరు దాకా ఏకబిగిన 962 రోజులు నడిచింది. ఆపకుండానే ఇంధనం మార్చుకోగల రియాక్టరు కావడం అందుకు కారణం. పైగా అణు కేంద్రం ఖర్చులో సింహభాగం కట్టుబడిది, ఇంధనానిది తక్కువ. ఆపినా అసలు, వడ్డీ ఆగవు కాబట్టి దాన్ని పూర్తి సత్తువతో నడుపుతూ ఉండడమే లాభం. సాయంత్రం పైభారానికి దాన్ని కొనడం డబ్బు దండగ.

నిజానికి అణు విద్యుత్తు భిలాయికి పరాయిది కాదు. పశ్చిమ గ్రిడ్‌లోని తారాపూర్, కాక్రాపార్ కేంద్రాల్లో ఛత్తీస్‌గఢ్‌కు వాటా ఉంది. కాక్రాపార్‌లో 700 మెగావాట్ల నాలుగో యూనిట్ 2024 మార్చి 31న వాణిజ్య ఉత్పత్తి మొదలుపెట్టింది. ఈ పద్ధతిలో రాష్ట్రం కేంద్రాన్ని కొనదు. తన వాటాకు వచ్చిన యూనిట్లకు ధర కడుతుంది, అంతే. కేంద్రం కట్టుబడి ఆలస్యమైతే మొదటి దెబ్బ నిర్మించేవాడికి తగులుతుంది.

ఇప్పుడు ముందున్నవి వేరే దారులు. 2025 మార్చిలో రాయ్‌పూర్‌లో జరిగిన ఇంధన పెట్టుబడుల సదస్సులో, 4,200 మెగావాట్ల అణు ప్రాజెక్టుకు 80,000 కోట్ల రూపాయలతో ఎన్టీపీసీ ప్రతిపాదన వచ్చింది. రెండోది 220 మెగావాట్ల భారత్ స్మాల్ రియాక్టర్. సొంత వాడకానికి కరెంటు కావలసిన పరిశ్రమల నుంచి ప్రభుత్వ అణు విద్యుత్ సంస్థ ఎన్‌పీసీఐఎల్ 2024 డిసెంబరు 31న ప్రతిపాదనలు పిలిచింది. స్థలం, నీళ్లు, పెట్టుబడి పరిశ్రమవి. రియాక్టరు నడిపేది ఎన్‌పీసీఐఎల్. పుట్టిన కరెంటు మీద హక్కు పరిశ్రమది. ఉక్కు కర్మాగారాల్లాంటి వాటిని దృష్టిలో పెట్టుకున్న పథకమే ఇది.

ఆ 220 మెగావాట్ల రియాక్టరులో తెలుగు నేల పాలు తక్కువేమీ కాదు. యురేనియం కడప జిల్లా తుమ్మలపల్లెలో దొరుకుతుంది. భారజలం మణుగూరు దగ్గర తయారవుతుంది. ఇంధన కడ్డీలు హైదరాబాదు న్యూక్లియర్ ఫ్యూయెల్ కాంప్లెక్స్‌లో రూపు దిద్దుకుంటాయి. కొవ్వాడ సంగతి మాత్రం ఆలు లేదు చూలు లేదు అన్నట్టుంది: 1,208 మెగావాట్ల రియాక్టర్లు ఆరు అనుకున్నారు, భూములు సేకరించారు, కాంక్రీటు పడలేదు. 2017 మార్చిలో సరఫరాదారు వెస్టింగ్‌హౌస్ దివాలాకు దరఖాస్తు పెట్టుకుంది.

220 మెగావాట్లంటే ఈ మీటరు భాషలో గడికి 55,000 యూనిట్లు. కేంద్రం సొంత వాడకం పోతే ఇంకా తగ్గుతుంది. 96 గడుల్లోనూ అదే అంకె. ఫర్నేస్ రిపేరుకో మిల్లు మరమ్మతుకో ఆగిన రోజున ఆ కరెంటును గ్రిడ్‌కు అమ్ముకోవాలి, అప్పటి మార్కెట్ ధరకు. దీనికి తోడు ఒక్కటే రియాక్టరు పెట్టుకుంటే అది ఆగిన రోజు 220 మెగావాట్లూ ఒకేసారి పోతాయి, కాబట్టి బొగ్గు యూనిట్లను పక్కన సిద్ధంగా ఉంచక తప్పదు. ఊరికి సొంత రియాక్టరు కంటే పెద్ద కేంద్రంలో చిన్న వాటా మేలనడానికి ఈ లెక్క చాలు.

కర్బనం తగ్గుతుందన్న వాదన వినడానికి బాగుంటుంది గానీ భిలాయి విషయంలో దాన్ని ఆచితూచి తీసుకోవాలి. బ్లాస్ట్ ఫర్నేస్ ఉక్కులో బొగ్గుపులుసు వాయువు ప్రధానంగా వచ్చేది కోక్ నుంచి; కరెంటు తీగ మార్చితే కోక్ మారదు. యూరప్ సరిహద్దు కర్బన పన్ను 2026 జనవరి నుంచి పూర్తిగా అమల్లోకి వచ్చింది. అది ఉక్కుకు లెక్కగట్టేది నేరుగా వెలువడే వాయువులనే, కొన్న కరెంటు వెనక ఉన్నవాటిని కాదు. ఆ పన్ను తప్పించుకోవడానికి అణు వాటా కొనాలనుకోవడం పొరపాటు లెక్క.

కొన్నవాళ్ల అనుభవాలు అమెరికాలో, ఫిన్‌లాండ్‌లో దొరుకుతాయి. తెలుగువాళ్లు ఎంతోమంది ఉంటున్న ఆస్టిన్ నగరానికి సౌత్ టెక్సస్ అణు కేంద్రంలో 16 శాతం వాటా ఉంది. కట్టుబడి ఖర్చు పెరిగిపోవడంతో దాన్ని అమ్మేయాలని 1981లో నగర ఓటర్లు తీర్పు ఇచ్చారు. కొనే నాథుడు దొరకలేదు. 1988లో కేంద్రం మొదలయ్యాక అదే వాటా దశాబ్దాలుగా కరెంటు ఇస్తోంది. విస్తరణకు పిలుపు వచ్చినప్పుడు ఆస్టిన్ వద్దంది. పక్కనున్న శాన్ ఆంటోనియో దిగింది. 2009లో అంచనా 400 కోట్ల డాలర్లు పెరిగిందని బయటపడి, గొడవలై, వాటాను 7.625 శాతానికి తగ్గించుకుంది. ఫుకుషిమా తర్వాత ఆ విస్తరణే ఆగింది. యూటా పట్టణాలు కలిసి తలపెట్టిన చిన్న రియాక్టర్ల పథకంలో మెగావాట్-అవర్ ధర 58 డాలర్ల నుంచి 89కి చేరింది, 2023 నవంబరులో పథకం రద్దయింది. ఫిన్‌లాండ్‌లో కాగితం మిల్లులూ పురపాలక సంస్థలూ వాటాలు పెట్టి కట్టిన ఓల్కిలువోటో మూడో యూనిట్ 2009లో రావలసి ఉండగా 2023లో వచ్చింది. వచ్చాక మాత్రం వాటాదారులకు అసలు ఖర్చుకే కరెంటు అందుతోంది.

భిలాయిలో నిర్ణయం ఎవరిదన్నది మరింత చిక్కు ప్రశ్న. సెక్టార్లకు కరెంటు పంచేది కర్మాగారం విద్యుత్ విభాగం. సుపేలా, ఖుర్సీపార్ వంటి చోట్ల రాష్ట్ర పంపిణీ సంస్థ. పెట్టుబడి నిర్ణయం ఢిల్లీలోని సెయిల్ బోర్డుది. రేటు మీద బహిరంగ విచారణ జరిపేది రాయ్‌పూర్‌లోని రాష్ట్ర విద్యుత్ నియంత్రణ కమిషన్. ఇంతవరకు అణు కేంద్రాల యూనిట్ ధర నిర్ణయించింది 1962 చట్టం కింద అణుశక్తి విభాగం. ఆ ధరను తగ్గించే అధికారం రాష్ట్ర కమిషన్‌కు లేదు. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన శాంతి చట్టం ఆ పాత చట్టాన్నీ 2010 నాటి పరిహార చట్టాన్నీ తొలగించి ప్రైవేటు కంపెనీలకు దారి తెరిచింది. క్వార్టర్లలో బిల్లు కట్టేవాళ్లకు మాట చెప్పే వేదిక కమిషన్ విచారణే. అయితే ఒప్పందం మీద సంతకాలు పడ్డాక జరిగే విచారణలో మిగిలేది భారాన్ని ఎవరికెంత పంచాలన్న లెక్క ఒక్కటే. కాబట్టి వాటా ఎంత, ఆలస్యమైతే వడ్డీ ఎవరిది, అక్కర్లేనప్పుడు అమ్ముకునే హక్కు ఉందా అన్నవి సంతకానికి ముందే అడగాలి.

నీళ్ల మాట వీటన్నిటికంటే ముందు రావాలి. రియాక్టరు పుట్టించే వేడిలో మూడింట రెండు వంతులకు పైగా కరెంటుగా మారదు. దాన్ని చల్లార్చి వదిలించుకోవాలి. భిలాయి ఇప్పటికే తాందులా, గంగ్రేల్ జలాశయాల మీద, మరోదా చెరువుల నిల్వ మీద బతుకుతోంది. ఆ నీటికి కాలువల కింది వరి రైతు కూడా హక్కుదారే. ఊరికి ఆనుకుని రియాక్టరు పెట్టడం ఇక్కడే కష్టమవుతుంది. మరో చోట కట్టే కేంద్రంలో వాటాకు ఈ అడ్డు భిలాయి వరకు లేదు.

వాటా కొంటే ఈ మీటరులో మారేదేమీ లేదు. తీగలు, సీళ్లు, 96 గడులు అవే. పశ్చిమ ప్రాంతీయ విద్యుత్ కమిటీ నెలనెలా వేసే ఖాతాలో కర్మాగారం పేరు కింద మరో కేంద్రం పేరు, దాని పక్కన ఒక అంకె చేరతాయి.