గైడు సంతకం

మిరప చేనుకు జబ్బు చేస్తే చూడటానికి గుంటూరు పక్కనే లాం ఫారం ఉంది. అక్కడ పుట్టిన ఎల్‌సీఏ 334 రకం మన నల్లరేగళ్లను ఎన్నేళ్లు ఏలిందో, మిర్చి యార్డులో ఎన్ని టిక్కీలు ఆ నంబరుతోనే పాట పాడించుకున్నాయో రైతులందరికీ తెలుసు. 2021లో నల్ల తామరపురుగు పూతలోకి దిగి గుంటూరు, ప్రకాశం చేలను మాడ్చేసినప్పుడు కూడా శాస్త్రవేత్తలు వచ్చారు. దాని పేరు త్రిప్స్ పార్విస్పైనస్ అని, బయటి దేశాల నుంచి వచ్చిందని, 2015లో బెంగళూరు వైపు బొప్పాయి మీద మన దేశంలో మొదట కనిపించిందని చెప్పారు. పురుగు పేరు కాగితాలకెక్కింది. ఆ చేలల్లో మునిగిపోయిన మనుషుల్లో చాలామంది పేర్లు మాత్రం ఏ కాగితంలోనూ లేవు. వాళ్లు కౌలుదార్లు.

అలాంటి ఒక కౌలుదారు కూతురు నా దగ్గర డిగ్రీలో ఎకనామిక్స్ చదివింది. ఊరు పర్చూరు వైపు. 2022లో ఆ ప్రాంతం బాపట్ల జిల్లాలో కలిసింది గానీ నా నోటికి అది ఇప్పటికీ ప్రకాశమే. వాళ్లకు సొంతం ఎకరంలోపు. పైన మూడెకరాలు కౌలు. కౌలు డబ్బు దుక్కికి ముందే కట్టెయ్యాలి, పంట పండినా మాడినా అది వెనక్కి రాదు. ఆ ఏడాది వాళ్ల నాన్న ఎరువుల కొట్లో నెలకు నూటికి రెండు రూపాయల వడ్డీ మీద మందులు తెచ్చి కొడుతూనే ఉన్నాడు. పువ్వు విప్పి చూస్తే పురుగే. కళ్లంలో ఆరబోసిన కాయలో తాలే ఎక్కువ. నూటికి రెండు అంటే ఏడాదికి 24. బ్యాంకు పంట రుణం దొరికి ఉంటే 7. ఆ రెండు అంకెల మధ్య తేడాలోనే ఆ ఇంటి ఆడవాళ్ల చెవులవీ మెడలోవీ కరిగిపోయాయి.

బ్యాంకు ఎందుకివ్వలేదంటే, కార్డు లేదు కాబట్టి. ఇది కాస్త వివరంగా చెప్పాలి. ఉమ్మడి రాష్ట్రంలో 2011లో వచ్చిన అధీకృత సాగుదారుల చట్టం ప్రకారం కౌలు రైతుకు రుణ అర్హత కార్డు ఇవ్వడానికి భూమి యజమాని సంతకం అక్కర్లేదు. 2019లో ఆ చట్టం పోయి పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చింది. ఇందులో 11 నెలల ఒప్పంద పత్రం ఉంటుంది. యజమాని, కౌలుదారు ఇద్దరూ సంతకాలు చెయ్యాలి. అప్పుడే కార్డు. ఆ కార్డు పంట మీదే గాని నేల మీద ఏ హక్కూ ఇవ్వదని చట్టం స్పష్టంగానే చెప్పింది. అయినా సంతకం పెట్టేవాళ్లు తక్కువ. అడిగి అడిగి విసిగిపోయిన కౌలుదార్లను నేను ఊరూరా చూశాను. అడిగితే వచ్చే ఏడు చేను కూడా ఇవ్వరేమోనని నోరు మెదపని వాళ్లనూ చూశాను. నా దృష్టిలో మన మిరప నేలలో ఇంతకు మించిన తెగులు లేదు.

ఆ పిల్ల వాళ్ల నాన్న మాత్రం అడిగాడు. చేను గలాయన ఊరు విడిచి ఏనాడో వెళ్లిపోయాడు. ఊళ్లో ఆ చేనును ఇప్పటికీ ఆయన తండ్రి పేరుతోనే పిలుస్తారు. కౌలు వసూలు చేసేది ఆయన బావమరిది. "సంతకం సంగతి బావగారినే అడగాలి, నేను చెప్తాలే" అంటాడు. ఫోన్ నంబరు అడిగితే ఇవ్వడు. ప్రతి ఏడూ సచివాలయం నుంచి కొత్త ఫారం తేవడం, సర్వే నంబరు, విస్తీర్ణం, యజమాని పేరు రాసి తన సంతకం పెట్టి పంపడం, అది అలాగే తిరిగి రావడం.

ఎం.ఏ. అయిపోయాక ఆ అమ్మాయి నా దగ్గరకొచ్చి, "మాస్టారూ, పీహెచ్‌డీకి పెడతాను. యజమానులు ఎందుకు సంతకం పెట్టరు, అదే నా టాపిక్" అంది.

నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. మా ముందు తరంలో ఈ వైపు పిల్లలకు డాక్టరేట్ అంటే వాల్తేరు ప్రయాణమే. 1967లో ఆంధ్ర విశ్వవిద్యాలయం గుంటూరులో పీజీ కేంద్రం పెట్టింది, 1976లో అదే నాగార్జున విశ్వవిద్యాలయమైంది. పొగాకు బేరన్ల కిందా పత్తి చేలలోనూ పెరిగిన వాళ్లు పేరు ముందు డాక్టర్ అని రాసుకోవడం అక్కణ్ణుంచి మామూలైంది. నిడుబ్రోలు నుంచి ఆక్స్‌ఫర్డ్ వెళ్లిన రంగాగారు ఆర్థికశాస్త్రం చదివొచ్చి రైతు సంఘాలు కట్టిన నేల ఇది. ఈ నేల మీది అప్పుల లెక్క ఈ నేల పిల్లే రాయాలనుకోవడం నాకు గొప్పగా అనిపించింది.

దరఖాస్తు కథ చదివేవాళ్లకు కొత్త కాదు. పీజీలో 55 శాతం మార్కులుండాలి, రిజర్వేషన్ ఉన్నవాళ్లకు 50. 2022 నవంబరులో యూజీసీ ఇచ్చిన నిబంధనల ప్రకారం ప్రవేశ పరీక్షకు 70 శాతం, ఇంటర్వ్యూకు 30 శాతం వెయిటేజి. ఒక ప్రొఫెసర్ దగ్గర ఒకేసారి ఎనిమిది మందికి మించి ఉండకూడదు. కాబట్టి ర్యాంకు ఎంతున్నా, ఖాళీ ఉన్న గైడు దొరికి, ఆయన ఒప్పుకుంటున్నట్టు సంతకం పెడితేనే దారి తెరుచుకుంటుంది. పరీక్ష గట్టెక్కింది. ఇంటర్వ్యూకు వెళ్లింది ఏ విశ్వవిద్యాలయానికో చెప్పను. మన రాష్ట్రంలోదే, మన జిల్లాలకు దూరం.

ప్రపోజల్ నేనూ చదివాను. చివర అనుబంధంగా వాళ్ల నాన్న నింపిన ఒప్పంద పత్రం జిరాక్సు పెట్టింది. ఊరి పేరూ మనుషుల పేర్లూ సర్వే నంబరూ నల్ల ఇంకుతో కొట్టేసింది. పరిశోధనలో ఎవరి గుట్టూ బయటపడకూడదు గదా. యజమాని సంతకం చెయ్యాల్సిన గడి మాత్రం ఖాళీగా కనిపిస్తోంది.

ఇక ఇంటర్వ్యూలో జరిగింది తను చెప్పినట్టే రాస్తున్నాను.

బోర్డులో కౌలు చట్టాల మీద పని చేసిన ప్రొఫెసర్ ఒకాయన ఉన్నారు. మిగతావాళ్లు ఏవో రెండు ప్రశ్నలడిగి ఊరుకున్నారు. ఆయన ప్రపోజల్ అంతా చదివే వచ్చారు.

"మీదే వైపమ్మా?"

"పర్చూరు వైపు సార్."

"అలాగా! మాదీ ఆ వైపే" అన్నారు, ముఖం విప్పారింది. పక్కనున్న వాళ్లకు 2011 చట్టానికీ 2019 చట్టానికీ తేడా ఆయనే చెప్పారు. ఈ కార్డు వల్ల యజమానికి సెంటు భూమి కూడా పోదని, ఏ కోర్టులోనూ దీన్ని కౌలు హక్కుకు రుజువుగా చూపలేరని విడమరిచారు. అనుబంధంలోని జిరాక్సు ఎత్తి అందరికీ చూపించారు.

"చూడండి, ఈ ఒక్క గడి నింపితే ఒక కుటుంబానికి బ్యాంకు రుణం వస్తుంది. దీని మీద సంతకం పెట్టకపోవడానికి చట్టం తెలియకపోవడం తప్ప వేరే కారణం ఉండదు. అమ్మా, ఇదే నీ మొదటి హైపోథిసిస్. రాసుకో."

ఆ అమ్మాయి ప్రపోజల్ చివరి పేజీలో రాసుకుంది. యజమానులు సంతకం చెయ్యకపోవడానికి ప్రధాన కారణం చట్టంపై అవగాహన లేకపోవడం.

మధ్యాహ్నం ఆయన తన గదికి పిలిపించారు. కూర్చోమన్నారు, టీ ఇప్పించారు. తన దగ్గర ఒక్క ఖాళీ ఉందని, దాన్ని ఈ టాపిక్‌కే ఇస్తానని అన్నారు. ఊళ్లలో తిరగడానికి ఏ నెలలు మంచివో, యజమానుల్ని ఎలా పలకరించాలో చెప్పారు. మొదటి తరం చదువుకునే పిల్లకు అంత ఆదరం దొరకడం మామూలు సంగతి కాదు. చెబుతుంటే ఆ అమ్మాయి గొంతులో ఇప్పటికీ కృతజ్ఞత ఉంది. అది నిజమైనదే.

గైడు అంగీకార పత్రం ముందుకు తీసుకుని, పూర్తి పేరు రాయాల్సిన చోట ఇంటిపేరుతో సహా రాసి, కింద సంతకం చేశారు. డిపార్టుమెంటు బోర్డు మీద ఆయన పేరుకు ముందు పొడి అక్షరమే ఉంది. ఆ అక్షరం, ఆ పేరు మన జిల్లాల్లో వీధికొకరికి ఉంటాయి. ఇంటిపేరు మొత్తం చదివాకే ఆ అమ్మాయి ఆగిపోయింది. వాళ్ల నాన్న చెప్పగా ఏటా ఫారంలో ఆ పేరు రాస్తున్నది తనే.

"సార్, మీ నాన్నగారి పేరు..." అని అడిగింది. ఆయన చెప్పారు. ఊళ్లో ఆ చేనుకున్న పేరే.

ఫైలులోంచి అసలు ఒప్పంద పత్రం తీసి బల్ల మీద పెట్టింది. ఇంకు పుయ్యనిది. "ఇది మా నాన్నది సార్. ఇందాక మీరు అందరికీ చూపించింది దీని జిరాక్సే."

ఆయన సర్వే నంబరు చదివారు. కింద వాళ్ల నాన్న సంతకం చూశారు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చదివారు. పెన్ను ఇంకా చేతిలోనే ఉంది. కాసేపటికి దానికి మూత పెట్టారు.

"చూడమ్మా, చదువు వేరు, పొలం వేరు. చట్టంలో ఏమున్నా రేపు ఏ పేచీ వస్తుందో ఎవరం చెప్పగలం? ఊరొచ్చినప్పుడు మా బావమరిదితో మాట్లాడతాలే" అని ఆ కాగితాన్ని ఇటు జరిపారు.

ఆ అమ్మాయి దాన్ని మడిచి ఫైలులో పెట్టుకుంది. ప్రపోజల్ చివరి పేజీ తెరిచి, పొద్దున రాసుకున్న వాక్యం మీద అడ్డంగా గీత కొట్టింది.

"మొదటి హైపోథిసిస్ నిలబడలేదు సార్. రెండోది ఏమని రాసుకోమంటారు?"