చదువనేరను, చెరిపివేయుదునా?

అటకలమీది ప్రాత కంప్యూటర్లను దింపి, దుమ్ము తుడిచి, నట్టింట ప్రతిష్ఠించి కొలుచు నోమొకటి ఈ మధ్య ప్రబలినది గదా! భక్తులు దానికొక స్థలపురాణమును గూడ అల్లినారు: ఆ కాలమున సర్వమును సరళమేనట, మాకింటోషులోని ఫైలును ఐబీఎమ్ పీసీలోనికి చేర్చుటకు ఒక్క కేబులు చాలునట. ఈ పురాణశ్రవణమున నా జన్మ తరించినది. ఆ ఒక్క కేబులుకొఱకు నా యౌవనమున దగ్ధమైన సాయంకాలములన్నియు దుస్స్వప్నములని ఇన్నాళ్లకు తెలిసినది.

రెండు యంత్రములకును మూడున్నర అంగుళముల ఫ్లాపీయే; రెండింటి నోళ్లును ఒక్క కొలతవే. ఇంతకన్న అద్వైతమేమి కావలెను? అయితే 800 కిలోబైట్ల మాకింటోషు డ్రైవు బయటి ట్రాకులయందు మెల్లగా తిరిగి ఒక్కొక్కదానిలో 12 సెక్టర్లను, లోపలి ట్రాకులయందు వడిగా తిరిగి 8 సెక్టర్లను వ్రాయును. 720 కిలోబైట్ల పీసీ ఫ్లాపీ మాత్రము నిమిషమునకు 300 చుట్లు, ట్రాకునకు 9 సెక్టర్లు అను నియమమును ప్రాణాంతమునను విడువదు.

కావున పీసీ ఫ్లాపీని ఆ మాకింటోషు నోటికందించినచో అది క్షణకాలము చప్పరించి, ఇది చదువరానిది, ఇనిషియలైజు చేయుదునా, అని పరమవినయముతో అడుగును. ఇనిషియలైజనగా సర్వమును తుడిచివేయుట. పరాయి లిపిలోనున్న తాళపత్రగ్రంథమును పండితుని చేతికిచ్చినచో, ఆయన కండ్లద్దములు సవరించుకొని, “నాకీ లిపి రాదు నాయనా, శుభ్రముగా గీకి ఇత్తునా?” అన్నట్లున్నది గదా!

ఆ వినయమే కొంప ముంచినది. నాకు సాయము చేయవచ్చిన మిత్రుడొకడు, యంత్రమంత మర్యాదగా అడుగుచుండగా కాదనుట సంస్కారము కాదని తలంచి, సరేయను బొత్తామును నొక్కినాడు. 40 పుటల నా వ్యాసము నిమిషములో నిర్వాణము పొందినది.

1988లో ఆపిల్ వారు 1.44 మెగాబైట్ల డ్రైవును తెచ్చిరి. దానికి రెండు లిపులును వచ్చును. అజ్ఞానము తొలగినదని సంతసించితిమి. ఆపిల్ ఫైల్ ఎక్స్ఛేంజ్ అను ప్రోగ్రామును ముందుగా తెఱువక పీసీ ఫ్లాపీని దూర్చితిమా, మరల అదే ప్రశ్న! చదువు వచ్చిన పిమ్మటను చెరుపుటయందలి మక్కువ పోలేదు.

ఇక మాకింటోషు ఫ్లాపీని చదువలేని పీసీ “అబార్ట్, రీట్రై, ఫెయిల్?” అని చూపు మూడు మార్గములలో మూడవదాని పేరే వైఫల్యము. కేబులు మాటకు వచ్చినచో, 1984లో పుట్టిన తొలి మాకింటోషు, ఐబీఎమ్ ఏటీ, రెండింటి సీరియల్ పోర్టులకును తొమ్మిదేసి పిన్నులే. ఏ పిన్నున ఏమి పాఱునన్నచో, ఎవరి దారి వారిది. పంక్తి ముగియుటకు ఒకరికి ఒక గుర్తు, వేఱొకరికి రెండు. ఎనిమిదక్షరములకు మించిన ఫైలు పేరు డాస్ గుమ్మమున శిరచ్ఛేదము పొందును.

హాస్యమింతటితో చాలును. ఒకే డ్రైవు రెండు పద్ధతులను చదువగలిగిన దినముననే, ఈ గోడలు ప్రకృతి కట్టినవి కావని తేలిపోయినది. యంత్రమును అమ్మినవాడు తన సొమ్ము తాను తీసికొనెను. గోడ దాటించు కూలి మాత్రము వ్రాసినవాని నెత్తిన పడెను. తెలుగు వ్రాసినవానికి ఆ కూలి రెండింతలు. 1991లో భారతీయ లిపులకు ఇస్కీ ప్రమాణము వచ్చినది, యూనికోడులో తెలుగునకు చోటును దొరకినది. అయినను డీటీపీ ఫాంట్లు ఎవరి అమరిక వారిదిగా ఏండ్లతరబడి సాగినవి. ఫైలు క్షేమముగా చేరెడిది, తెలుగు చేరెడిది కాదు. తెఱచి చూచినచో తలకట్టు లేదు, గుడి లేదు, ఇంగ్లీషు అక్షరముల గుట్ట! ఇది సరళకాలమా? మనుష్యుల వ్రాతను మంటగలిపిన కాలమును ముద్దుచేయుటకు సిగ్గుండవలదా?

నా బీరువాలో నాటి ఫ్లాపీలు పదునొకండు మిగిలియున్నవి. భక్తులు తమ ఒక్క కేబులును చేతబట్టుకొని రావచ్చును, కాఫీ నేనిత్తును. బొత్తాములు మాత్రము నేనే నొక్కుదును.